పొగ ఎవరిదంటే

మామిడిగూడ, ఉట్నూర్ మండలం
12 జూన్ 2024

మమతా, ఎట్లా ఉన్నావు?

నీకు నాలుగు నిండి ఐదో నెల పడిందని నిన్న మా తమ్ముడు భాను ఫోన్‌లో చెప్పాడు. పోయినేడు కడుపు నిలవలేదు కాబట్టి ఈసారి ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నారట. సరే. ఊళ్ళో వాళ్ళకు చెప్పకండి. పదిహేనేళ్ళుగా ఏఎన్ఎం నర్సు పని చేస్తున్న సొంత ఆడబిడ్డకు కూడా చెప్పకపోతే ఎట్లా? ఇక్కడ గూడెంలో ఎవరికి నెల తప్పినా ముందు నాకే తెలుస్తుంది. నా తమ్ముడి భార్య సంగతి మాత్రం చివర తెలిసింది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే స్కూలు వెనక గుట్ట ఎక్కాలి. ఎక్కి చేస్తే మా అవ్వ, అదే మీ అత్తమ్మ, ఎత్తుతుంది. నీకిమ్మంటే "స్పీకర్ పెట్టు, నేను గూడ ఇంట" అంటుంది. "మంచిగ తింటున్నవా?" అని నిన్ను అడిగితే "మస్తు తింటుంది" అని ఆమే జవాబు చెప్తుంది. ఇక నావల్ల కాదు. అందుకే రాస్తున్నాను. తల్లిగారింటికి పంపుదామంటే నీకు అమ్మ లేదు. ఇప్పుడు ఆ చెప్పాల్సినవన్నీ నేనే చెప్పాలి.

ఐరన్ మాత్ర రోజూ అన్నం తిన్నాక వేసుకో. చాయ్‌తో మాత్రం వద్దు. చాయ్ తాగితే ఆ మాత్ర ఒంటికి పట్టదు. అంగన్‌వాడీకి పోయి గుడ్డు, పాలు, అన్నం అక్కడే కూర్చుని తిని రా. గుడ్డు ఇంటికి తేకు. తెస్తే అది ఎవరి కంచంలోకి పోతుందో నాకు తెలుసు. పుంటికూర, తోటకూర, మునగాకు, పప్పు, పల్లీలు తిను. "ఎక్కువ తింటె పిల్ల పెద్దగైతది, ఆపరేషన్ అయితది" అని అవ్వ అంటుంది. నా ఇద్దరు పిల్లలప్పుడూ అన్నది. ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్.

అన్నిటికంటే ముఖ్యం, బీడీలు చుట్టడం మానెయ్. తంబాకు తాగితేనే చెడు అనుకుంటారు. దుమ్ము పీల్చినా, రోజంతా వేళ్ళకు అంటినా అది లోపలికి పోతుంది. బీడీలు చుట్టే నీ చాట తీసి అటక మీద పెట్టు. అవ్వ కాదంటే పద్మక్క చెప్పిందని చెప్పు.

ఒక పోస్టర్ కూడా పంపుతున్నాను. గర్భిణి ఏమేం తినాలో బొమ్మలున్నాయి. వంటింట్లో అంటించు.

భానును అడిగానని చెప్పు.

నీ మంచి కోరే వదినె,
పద్మలత


మెట్‌పల్లి
25 జూన్ 2024

పద్మ వదినెకు మమత నమస్కారాలు.

ఉత్తరం అందింది. పోస్టర్ కూడా అందింది. అత్తమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూసింది. "గీమె ఎవ్వలు? గంత బుగ్గలేంది? గిట్ల తింటె పిల్ల ఏడికెళ్ళి వస్తది?" అంది. వంటింట్లో అంటించాను. తెల్లవారి చూస్తే అదే మేకుకు జల్లెడ తగిలించి ఉంది. ఇప్పుడు ఆ బొమ్మలో ఆడమనిషి తల ఒక్కటే కనిపిస్తుంది. తినాల్సినవన్నీ జల్లెడ వెనక ఉన్నాయి.

గుడ్డు తిన్నాను. ఇంటికి వచ్చేలోపు వాంతి అయింది. "పడనిది బలవంతంగ ఎందుకు తినుడు?" అని అత్తమ్మ. మునగాకు వేడి చేస్తుందట, బొప్పాయి పేరే ఎత్తొద్దట, రాత్రి పెరుగు వద్దట. వద్దన్నవి తీసేస్తే అన్నం, చారు మిగిలాయి. మీరు ఒకటి చెప్తారు, ఆమె ఒకటి చెప్తుంది. మధ్యలో తినాల్సింది నేను. నన్ను మాత్రం ఎవరూ అడగరు.

ఆశా కార్యకర్త పోశవ్వ వచ్చి వేలికి గుచ్చి రక్తం చూసింది. ఎనిమిది చిల్లర ఉందని చెప్పి నాలుక చప్పరించింది. మాత్రలు చాయ్‌తో వేసుకోవడం మానేశాను. ఆ ఒక్క మాట ఉపయోగపడింది.

బీడీల సంగతి రాశారు. మన ఇంట్లో రెండు చాటలూ నడుస్తూనే ఉన్నాయి. చుట్టడం ఆపితే బీడీ కంపెనీ ఇచ్చిన కార్డు పోతుంది, ఒకసారి పోతే మళ్ళీ రాదు కదా. ఆ విషయంలో అత్తమ్మ గట్టిగా ఉంది.

వాంతులు కొద్దిగా తగ్గాయి. గదిలో వాసనకు మాత్రం తల తిరుగుతుంది.

పిల్లలకు నా ముద్దులు.

మీ మమత


మామిడిగూడ
8 జూలై 2024

మమతా,

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. ఎనిమిది చిల్లర రక్తం ఉన్న పిల్లతో చాట పట్టిస్తుందా? చదివిన వెంటనే గుట్టెక్కాను. నడుము నొప్పి లేచింది, అయినా ఎక్కాను. అవ్వ ఎత్తగానే అడిగేశాను.

"అవ్వా, కోడలితోని ఇంక బీడీలు చుట్టిస్తున్నవా? నీకు కార్డు ఎక్కువనా, పుట్టే పిల్ల ఎక్కువనా?"

"నేనా?" అంది.

"నువ్వు గాక ఇంకెవ్వలు? నలుగురికి బుద్ధి చెప్పెటిదాన్ని, నా ఇంట్లనే గిట్లయితె నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

"సరే బిడ్డా" అని ఫోన్ పెట్టేసింది. ఎన్నడూ ఒక మాటకు పది మాటలు అనే మనిషి. తప్పు ఉంది కాబట్టే నోరు లేవలేదు. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక్కడ మొన్న తంబాకు మీద మీటింగ్ పెట్టాను. నోటి పుండ్ల బొమ్మలు చూపించి గంటసేపు గొంతు చించుకున్నాను. అంతా విని ఒక ముసలాయన తాపీగా ఖైనీ నలిచి దవడకు పెట్టుకుని, "సిస్టర్, మీ ఇంట్ల ఎవ్వలు ముట్టరా?" అని అడిగాడు. "ముట్టరు తాతా. మా తమ్ముడుండె, మొన్న ఉగాదికి నా తల మీద చెయ్యి పెట్టి మానేసిండు. మా ఇంట్ల నా మాటంటే మాటే" అన్నాను. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో అర్థం కాలేదు.

గుడ్డు ఒకేసారి తినలేకపోతే సగం సగం తిను. ఉడకబెట్టింది పడకపోతే కూరలో వేసుకో. మానకు.

పద్మలత


మెట్‌పల్లి
19 జూలై 2024

వదినెకు నమస్తే.

మీరు ఆ గుట్ట ఎక్కకుండా ఉంటే బాగుండేది.

నేను చాట ముట్టి నాలుగు నెలలు దాటింది. మీ మొదటి ఉత్తరం రాకముందే, నెల తప్పిందని తెలిసిన రోజే అత్తమ్మ నా చేతిలోంచి చాట గుంజుకుంది. "పోయినేడు ఏమన్న గిదాంతోనే అయిందో ఏమో, ఇగ ముట్టకు" అంది. నా కార్డు పోకుండా నా వంతు కూడా ఆమే చుడుతుంది. రెండు చాటలు నడుస్తున్నాయంటే ఆమె రెండు చేతులూ నడుస్తున్నాయని. మెడ పట్టుకుపోయి రాత్రి నూనె రాయించుకుంటుంది. తంబాకు గంప కూడా అప్పుడే బయటి రేకుల కిందికి మార్చింది.

మీ ఫోన్ వచ్చిన రోజు ఏమైందో తెలుసా? అత్తమ్మ చాటలు రెండూ ఎత్తుకుని పక్కింటి పద్మశాలోళ్ళ వాకిట్లోకి పోయి కూర్చుంది. అప్పటినుంచి పొద్దంతా అక్కడే. నాతో మాట్లాడదు. "అన్నం వండిన అత్తమ్మా" అంటే గోడతో చెప్పినట్టు "తింట తీ" అంటుంది. నేనే మీకు చాడీలు రాశానని ఆమె అనుకుంటుంది. ఉత్తరం చదివి వినిపిస్తానన్నాను. "నాకు సదువు రాదు, నువ్వు ఏం సదివితె గదే నిజమాయె" అంది.

మంచి చేద్దామని మీరు చేశారు, నాకు తెలుసు. కానీ మీరు అక్కడ ఒక మాట అంటే ఇక్కడ నేను నెల రోజులు మోయాలి.

గంప బయటికి పోయినా గదిలో వాసన పోలేదని మళ్ళీ రాస్తున్నాను. ఎక్కడి నుంచి వస్తుందో మీరు అడగలేదు.

మమత


మామిడిగూడ
31 జూలై 2024

మమతా,

నాదే తప్పు. కానీ నువ్వు కూడా జర వివరంగా రాయాలి కదమ్మా. 'రెండు చాటలూ నడుస్తున్నాయి' అని రాస్తే నడిపేది ఎవరని నేను కలగనాలా? అవ్వకు ఫోన్ చేశాను. "ఏమనుకోకు అవ్వా" అన్నాను. "మనకు మనకు ఏందే" అంది. గొంతులో తడి లేదు. వచ్చినప్పుడు కాళ్ళ మీద పడతాను.

వాసన సంగతి ఆలోచించాను. అది అవ్వ చీర నుంచే వస్తుంది. పొద్దంతా తంబాకులో కూర్చున్న చీరతోనే ఇంట్లోకి వస్తుంది కదా. ఇంట్లో అడుగు పెట్టేముందు చేతులు సబ్బుతో కడుక్కుని చీర మార్చుకొమ్మను. నేను చెప్తే మళ్ళీ గొడవ అవుతుంది, నువ్వే నెమ్మదిగా చెప్పు.

బస్సు కార్గోలో ఒక డబ్బా పంపాను. నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి చేసిన లడ్డూలు నీకు. రోజుకొకటి తిను. పక్కన సంచిలో సకినాలు భానుకు. పోయినసారి చూసినప్పుడు మనిషి చిక్కిపోయి కనిపించాడు. ఆ మార్కెట్ యార్డులో దుమ్ము, కమీషన్ మీద సరుకమ్మే ఆ అడ్తి దుకాణం సేటు కేకలు, వాడికి ఎంత పరేషాన్ ఉంటుందో. ఇంట్లో ఈ ఆడవాళ్ళ పంచాయితీలన్నీ వాడి చెవిన వేయకు. సున్నితం మనిషి.

దీవెనలతో,
పద్మలత


మెట్‌పల్లి
18 ఆగస్టు 2024

వదినె,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

మొన్న జగిత్యాలకు స్కాన్‌కు పోయాం. నేను, ఆయన, అత్తమ్మ. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "నెలలకు తగినట్టు బిడ్డ పెరుగుతలేదు" అంది. ఏం తింటున్నానని అడిగింది, చెప్పాను. మాత్రలు అడిగింది, చూపించాను. అప్పుడు తలెత్తి, "ఇంట్ల ఎవరన్న పొగ తాగుతరా?" అని అడిగింది.

మీ తమ్ముడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. చొక్కా జేబులో సిగరెట్ డబ్బా ఉంది. "లేదు మేడం" అన్నాడు. "మా అవ్వ బీడీలు చుడుతది. గంతే."

డాక్టరమ్మ అత్తమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా, కడుపుతోని ఉన్న పిల్ల దగ్గర తంబాకు పెట్టుకోని కూసుంటవా? పెద్దదానివి, నీకు తెల్వదా?" అని మందలించింది. బయట బెంచీల మీద ఉన్నవాళ్ళు కూడా తొంగి చూశారు. అత్తమ్మ కొడుకు మొహం వైపు ఒక్కసారి చూసింది. తర్వాత తల వంచుకుని, "ఇగ పెట్టనమ్మా" అంది.

నేనూ నోరు విప్పలేదు. విప్పితే ఇంటికి వచ్చాక ఏమవుతుందో అన్న భయంతో ఊరుకున్నాను.

బస్సులో ముగ్గురం ముగ్గురు పరాయివాళ్ళలా కూర్చున్నాం. ఇంటికి రాగానే ఆయన ఎప్పటిలాగే మంచం మీద వాలి, కిటికీ ఓరగా తెరిచి సిగరెట్ ముట్టించాడు. మన ఇంట్లో చుట్టే బీడీ తాగడు, అది నామోషీ. సిగరెట్టే కావాలి. నేను దగ్గితే "కిటికీ తెరిచిన గదా" అంటాడు. ఉగాదికి మీ తల మీద చెయ్యి పెట్టినవాడే. గదిలో వాసన అత్తమ్మ చీరది కాదు వదినె. పాపం, ఆమె ఇప్పుడు మీ మాట ప్రకారం రోజుకు రెండు చీరలు ఉతుక్కుంటుంది.

మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. నేను చాయ్ తాగొద్దని ఉంది, ఏం తినాలో ఏం ముట్టొద్దో ఉంది. అత్తమ్మ చేతులు కడుక్కోవాలని, చీర మార్చుకోవాలని ఉంది. మీ తమ్ముడికి మాత్రం సకినాలు ఉన్నాయి.

ఆ ముసలాయన ప్రశ్నకు మీరిచ్చిన జవాబు విని గూడెమంతా ఎందుకు నవ్విందో నాకు ఇక్కడ కూర్చుని కూడా అర్థమైంది.

మమత


మామిడిగూడ
27 ఆగస్టు 2024

మమతా,

నీ కోపం తెలిసింది. ముందు స్కాన్ సంగతి రాస్తున్నాను. మాంసం, గుడ్డు, పప్పు పెంచు. ఎడమ వైపు తిరిగి పడుకో. మళ్ళీ స్కాన్‌కు తప్పకుండా పో.

భాను విషయం. బాపు పోయేనాటికి వాడు ఇంకా సరిగా మాటలు రాని పిల్లవాడు. నేను చంకన వేసుకుని తిప్పాను. నా తల మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పాడంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎప్పుడో ఒకటి తాగితే దాన్నే నువ్వు పెద్దది చేస్తున్నావేమో. ఒకవేళ తాగుతున్నాడే అనుకో, నువ్వు భార్యవి, పక్కనే ఉన్నావు. నువ్వు చెప్పలేనిది ఇన్ని మైళ్ళ దూరం నుంచి నేను చెప్పాలా?

నువ్వు ఆ సకినాల మాట రాయకుండా ఉండాల్సింది.

పద్మలత


మెట్‌పల్లి
4 సెప్టెంబర్ 2024

వదినెకు,

ఉత్తరం అందింది. మాత్రలు వేసుకుంటున్నాను. ఎడమ వైపే పడుకుంటున్నాను. లడ్డూలు అయిపోయాయి, డబ్బా కడిగి పెట్టాను.

వేరే విశేషాలు లేవు.

మమత


మామిడిగూడ
22 సెప్టెంబర్ 2024

మమతా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం పట్టుకుని చాలా రోజులు తిరిగాను. నువ్వు తిట్టి రాస్తే బాగుండేది.

మొన్న గురువారం నేను మెట్‌పల్లి వచ్చాను. ఇంటికి రాలేదు. పొద్దున్నే ఉట్నూర్‌లో బస్సెక్కి, లక్సెట్టిపేటలో ఇంకో బస్సు పట్టుకుని, నడుము విరిగిపోయి మార్కెట్ యార్డు ముందు దిగాను. అడ్తి దుకాణంలో అడిగితే, "భానుప్రసాదా? గా చాయ్ హోటల్ కాడ ఉంటడు" అన్నారు. పోయాను. మక్కల బస్తా మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని తాగుతున్నాడు. నన్ను చూసి సిగరెట్ వీపు వెనక దాచి, "అక్కా! చెప్పకుంట వచ్చినవేంది?" అన్నాడు. ఒక్కో మాటతో పాటు ముక్కులోంచి పొగ వస్తుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నా తల మీద చెయ్యి పెట్టి ఏం చెప్పినవ్ రా?"

"గప్పుడు నిజంగనే మానేసిన్నే. ఒక నెల ముట్టలే. మళ్ళ అలవాటైంది. నీకు చెప్తె పరేషాన్ అయితవని చెప్పలే."

"డాక్టరమ్మ ముంగట అవ్వ పేరెందుకు చెప్పినవ్?"

దాచిన సిగరెట్‌ను చెప్పు కింద నలిపాడు. "నలుగురిల ఏం చెప్పాలె అక్కా? అవ్వను అంటె అవ్వ ఏమనుకోదు గదా" అన్నాడు.

చెంప పగలగొడదామనుకునే వచ్చాను. ఆ మాటతో చెయ్యి లేవలేదు. గుట్టెక్కి నేను అరిచింది కూడా అవ్వ మీదనే కదా.

పుట్టబోయే పిల్ల సంగతి చెప్పాను. గదిలో పొగ నీ కడుపులోకి ఎట్లా పోతుందో, పిల్ల ఎందుకు ఎదగదో, గూడెంలో వాళ్ళకు చెప్పినట్టే చెప్పాను. వాడి కళ్ళలో భయం కనిపించింది. సిగరెట్ డబ్బా మీదే మానాలనుకునేవాళ్ళ కోసం ఫోన్ నంబరు అచ్చు వేసి ఉంటుంది, చూపించాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదట. ఇక గదిలో తాగనన్నాడు. ఈసారి నా తల మీద చెయ్యి పెట్టబోతే వద్దన్నాను.

ఇంటికి వచ్చి మీ ఇద్దరి ముందు నిలబడే మొహం లేకపోయింది. చివరి బస్సు వెళ్ళిపోతుందని నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

నువ్వు రాసిందంతా నిజమే మమతా.

నీ వదినె


మెట్‌పల్లి
8 అక్టోబర్ 2024

పద్మ వదినెకు నమస్కారాలు.

మీరు వచ్చి ఇంటికి రాకుండా పోయారని చదివి అత్తమ్మకు చెప్పాను. "యార్డు దాక వచ్చి ఇంటికి రాకుంట పోతదా? గంత బస్సు తిరిగి, తిన్నదో లేదో" అని కళ్ళు తుడుచుకుంది. మీ మీద కోపం అప్పుడే పోయింది. నాతో కూడా మాట్లాడుతుంది.

మీ తమ్ముడి సంగతి వినండి. ఒక వారం నిజంగానే బయటికి పోయి తాగాడు. తర్వాత ముసురు పట్టింది. ఒకరోజు గుమ్మంలో నిలబడి తాగాడు, తెల్లవారి గుమ్మం లోపల, ఆ తర్వాత మళ్ళీ మంచం మీద. పైగా నేను మీకు చాడీలు రాశానని నాతో ముక్తసరిగా ఉన్నాడు. అంతమందిలో మీరు నిలదీశారని నామోషీ. డాక్టరమ్మ ముందు అత్తమ్మకు అయిన నామోషీ ఆయనకు గుర్తు రాలేదు.

మొన్న సాయంత్రం ఆయన ముట్టించగానే అత్తమ్మ వంటింట్లోకి వచ్చి, "నువ్వు జర ఇక్కడనే కూసో బిడ్డా, లోపటికి రాకు" అని నాకు పీట వేసింది. రేకుల కింద నుంచి చాట, తంబాకు తీసుకుని సక్కగా మా గదిలోకి పోయి నేల మీద చతికిలబడి చుట్టడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఈడెందుకు కూసున్నవ్? తంబాకు ఘాటుకు మమతకు దగ్గొస్తది" అన్నాడు ఆయన.

"వస్తే రానీ. పొగ నాదే గదా. డాక్టరమ్మకు నువ్వే చెప్పినవ్."

"అవ్వా, గది గాదు..."

"నాదే అయితె చెప్పు, నేనే లేచి పోత. నాదేనా?"

ఆయన చేతిలో సిగరెట్ బూడిద పొడుగ్గా అయి దుప్పటి మీద రాలింది. నేను వంటింటి గడపలోంచి చూస్తున్నాను.

"మీ బాపు పోయినంక గీ చాట మీదనే మీ ఇద్దరిని సాదిన. ఇన్నేండ్లు చుట్టిన, ఒక్కటి నోట్ల పెట్టలే. నా పేరు మీద నువ్వు తాగకు కొడుకా."

అరవలేదు. చాట పక్కన పెట్టి లేచి, ఆయన దుప్పటి, దిండు చుట్టి అరుగు మీద పడేసింది. "మానిన దాక గక్కడ పండు" అంది. అదే చేత్తో గది కడిగింది, స్నానం చేసి వచ్చి నాకు అన్నం పెట్టింది. ఎక్కువ తినకు అన్న నోటితోనే ఇప్పుడు "ఇంకో ముద్ద" అంటుంది. స్కాన్ మాట విన్నప్పటి నుంచి, "సులువైతదని చిన్న పిల్ల గావాలన్న గని, గంత చిన్నగ వద్దు" అని గుడ్డు కూర తానే చేస్తుంది.

బతుకమ్మ రోజులు కదా, వచ్చిన ఆడవాళ్ళంతా, "భాను అరుగు మీద పండుకుంటుండు, ఏమైంది?" అని అడుగుతున్నారు. అత్తమ్మ దాచదు. "పొగ తాగుతడు, కోడలు కడుపుతోని ఉన్నది" అని చెప్తుంది. ఆయన తల ఎత్తుకోలేక పొద్దున్నే యార్డుకు పోతున్నాడు.

దీంతో అయిపోయిందనుకున్నారా? నిన్న సాయంత్రం ఆయన దోస్తు లింగమూర్తి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతని వెంబడి ఇంకో ఇద్దరు. మీ తమ్ముడితో కలిపి నలుగురూ అక్కడే ముట్టించారు. పొగంతా కిటికీలోంచి లోపలికే. గదిలోంచి తరిమితే అరుగు మీద సంఘం పెట్టుకున్నట్టయింది. అత్తమ్మ చెంబెడు నీళ్ళు తెచ్చి అరుగు కడుగుతున్నట్టే వాళ్ళ కాళ్ళ మీద గుమ్మరించింది. "పండుగ గదా, కడగద్దా?" అంది. లింగమూర్తి చెప్పులు చేత పట్టుకుని పోయాడు. చాలా రోజుల తర్వాత నేను నవ్వాను వదినె.

కడుపులో కదలికలు మాత్రం నాలుగు రోజులుగా మందంగా ఉన్నాయి.

మీ మమత


మామిడిగూడ
14 అక్టోబర్ 2024

మమతా,

నీ ఉత్తరం దసరా సెలవుల్లో పోస్టాఫీసులో ఆగి ఇవాళ చేరింది. చివరి వాక్యం అన్నిటికంటే ముందు రాయాల్సింది. ఈ ఉత్తరం కోసం ఆగలేదు, గుట్టెక్కి ఫోన్ చేశాను. భాను ఎత్తాడు. "మమతను ఇప్పుడే ఆసుపత్రికి తీస్కపో, నేను వచ్చే దాక ఆగకు" అని చెప్పాను. "బండి మాట్లాడుతున్న అక్కా" అన్నాడు. సెలవు పెట్టి బయలుదేరుతున్నాను. ఈ కాగితం నీకు చేరేలోపు నేనే చేరతాను, అయినా పోస్టు చేస్తున్నాను. చెయ్యి ఊరుకోవడం లేదు.

భయపడకు.

పద్మ వదినె


కరీంనగర్
11 నవంబర్ 2024

ప్రియమైన వదినెకు,

మీరు పోయి ఇరవై రోజులు కావస్తుంది. ఫోన్‌లో మీకు ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ కూర్చుని రాద్దామనుకుంటే ఇవాళ కుదిరింది. పాప నిద్రపోతుంది.

మీరు ఉండగానే చూశారు కదా, ఈ ఆసుపత్రిలో నెలలు నిండకముందే ఆపరేషన్ చేసి తీస్తే ఎంత చిన్నగా పుట్టిందో. అత్తమ్మ చేతిలో పట్టుకుని "మక్క కంకి అంత లేదు" అని ఏడ్చింది. గాజు పెట్టెలోంచి బయటికి తీశాక సిస్టర్ నన్ను పాపను ఎదకు ఆనించి పడుకోమంది. బట్ట అడ్డం లేకుండా ఒంటికి ఒళ్ళు తగలాలట, వెచ్చదనానికే బరువు పెరుగుతుందట. పొద్దంతా అట్లాగే ఉండేసరికి కుట్లు లాగి నావల్ల కాలేదు. "తండ్రి గూడ పట్టుకోవచ్చు, పిలువు" అంది సిస్టర్.

ఆయన పరుగున వచ్చాడు. సిస్టర్ దగ్గరికి రాగానే ముక్కు చిట్లించి, "బయటికి పో అన్నా, కడుక్కోని రా" అంది. నల్లా కింద స్నానం చేసి, చొక్కా మార్చి వచ్చాడు. సిస్టర్ మళ్ళీ పంపింది. మూడోసారి ఆయన రాలేదు. నేను కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అత్తమ్మ పక్కన నిలబడి ఉంది.

"ఎంత కడిగినా పోతలేదవ్వా" అన్నాడట.

"కడిగితె పోదు కొడుకా. మానితె పోతది."

ఆ రోజు నుంచి ముట్టలేదు. నేను చెప్తే మీరు నమ్మరు, అందుకే అత్తమ్మ చెప్తుందని రాస్తున్నాను. డబ్బా మీద నంబరుకు ఫోన్ కూడా చేశాడు. అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడిందని ఆశ్చర్యపోయాడు. మానిన మొదటి రెండు రోజులు అందరి మీదా అరిచాడు, క్యాంటీన్‌లో చాయ్ పోసే ఆయనతో గొడవ పెట్టుకున్నాడు. వార్డులో ఉన్న ఆడవాళ్ళంతా విసుక్కున్నారు. లింగమూర్తి చూడడానికి వచ్చి "ఒక్కటి తాగితె ఏమైతదిరా" అంటే గేటు దాకా తీసుకుపోయి పంపించేశాడు. ఇది ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు తెలియదు. ఉగాది మాట నేను మరచిపోలేదు.

నాకు ఆయన మీద కోపం పూర్తిగా పోలేదని కూడా రాయాలి. పాపకు సూది గుచ్చిన ప్రతిసారీ కోపం లేస్తుంది. అది పోవడానికి టైం పడుతుంది.

పోయిన ఆదివారం సిస్టర్ ఆయన్ని లోపలికి రానిచ్చింది. చొక్కా విప్పి కుర్చీలో కూర్చుంటే పాపను ఛాతీ మీద పడుకోబెట్టి పైన శాలువా కప్పింది. ఆయన ఊపిరి కూడా ఆచితూచి తీసుకున్నాడు. దోమ వాలితే తోలుకోలేదు. నేను పడుకుని లేచేసరికి సాయంత్రమైంది, ఆయన అట్లాగే ఉన్నాడు. సిస్టర్ పాపను తీసుకున్నాక లేవబోయి లేవలేకపోయాడు. రెండు కాళ్ళూ తిమ్మిరెక్కాయి.

అత్తమ్మ ఏమీ అనకుండా దగ్గరికి వచ్చి, చెయ్యి అందించి లేపింది. అట్లాగే భుజం పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిపించింది. ఆ చేతిని ఆయన చాలాసేపు వదల్లేదు.

పాప బరువు పెరుగుతుంది. ఎల్లుండి ఇంటికి పొమ్మన్నారు. మీరు ఈసారి యార్డు దగ్గర దిగకండి, ఇంటికి రండి.

మీ మమత